దొరసాని కుడి చెవి

షట్టరు సగం ఎత్తేసరికే బాబాయ్ మోకాళ్ళు "ఇంక మావల్ల కాదు" అన్నాయి. ఆ మాట అవి పదేళ్ళుగా అంటూనే ఉన్నాయి కాబట్టి ఆయన పట్టించుకోలేదు. మిగతా సగం భుజంతో నెట్టి, లోపలికి వెళ్ళి, తువ్వాళ్ళు దులిపి, కుర్చీ తుడిచి, అద్దం మీద ఎండిపోయిన నిన్నటి నురగ చుక్కలు గోటితో గీకాడు. అప్పుడు వెనక్కి తిరగకుండానే అద్దంలోంచి సందు వైపు చూశాడు. ఎదురు గోడ మీద అయిదు పిల్లులు. చెత్తడబ్బా పక్కన రెండు. మెట్ల కింద ఒకటి, అదీ నిద్రలో ఉంది.

"ఎనిమిది," అని గొణుక్కుని డ్రాయరులోంచి నోట్‌బుక్కు తీశాడు.

ఆయన చేసేది క్షవరాలు. ముప్పై నాలుగేళ్ళుగా అదే సెలూను, అదే అద్దం, అదే కుర్చీ. కుర్చీకి ఈ మధ్యలో రెండుసార్లు కొత్త స్ప్రింగులు వేయించారు. బాబాయ్‌కి ఆ అదృష్టం పట్టలేదు. సెలూనుకి అటూ ఇటూ మూడు బిల్డింగులు, వాటి మధ్య ఒక ఖాళీ జాగా, జాగా చుట్టూ ఒక సందు. ఆ మూడు బిల్డింగుల్లో తల ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆయన ముందు తల వంచినవాడే. అందరికీ ఆయన కత్తెర బాబాయ్. ఆయనకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. మూడేళ్ళ నుంచి కొందరు పిల్లుల బాబాయ్ అనడం మొదలుపెట్టారు. అది ఆయనకి నచ్చలేదు గానీ, పేర్లు పెట్టేవాళ్ళు అడిగి పెడతారా?

నిజానికి ఆయనకి పిల్లులంటే పెద్ద ప్రేమేం లేదు. ఈ తద్దినమంతా ఊఁ కొట్టడం వల్ల వచ్చింది.

సెలూను కుర్చీలో కూర్చున్న మనిషి నోరు ఊరుకోదు. అల్లుడి పొగరు, అజీర్తి, పైవాటా వాళ్ళ కుళాయి కారడం, ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. కత్తెర పట్టినవాడు ఊఁ కొట్టాలి. చెవులు పనిచెయ్యకపోయినా గొంతు పనిచెయ్యాలి. ఒకసారి ఒకాయన "నాలాంటివాడు బతికి ఏం ప్రయోజనం బాబాయ్?" అంటే కూడా ఊఁ అనేశాడు. ఆయన ఆరు నెలలు జుట్టు పెంచుకుని తిరిగాడు.

అలాగే నాలుగేళ్ళ కిందట బిల్డింగుల కమిటీవాళ్ళు పిల్లుల్ని తీసుకుపోవడానికి బండివాళ్ళని పిలిచినప్పుడు, వాళ్ళలో ఒకడు "ఈ సంచి మూతి కాస్త పట్టుకుంటావా?" అంటే ఊఁ అని పట్టుకున్నాడు. పంతొమ్మిది పిల్లులు గోనెసంచుల్లోకి వెళ్ళాయి. ఊరి బయట వదిలేస్తామన్నారు. ఎక్కడ అని అడిగినవాళ్ళు లేరు. సంచి మూతి కట్టేముందు లోపలి నుంచి ఒక పంజా వచ్చి ఆయన బొటనవేలు పట్టుకుంది. గీరలేదు. ఊరికే పట్టుకుంది. ఆ సంగతి ఆయన భార్యకొక్కదానికే చెప్పాడు. దేనిమీదైనా సరే హాస్యమాడే ఆవిడ ఆ ఒక్కదాని జోలికి మాత్రం ఇంతవరకూ పోలేదు.

రెండు నెలలు తిరక్కుండా ఖాళీ అయిన చోట్లోకి కొత్త పిల్లులు దిగాయి. పాతవాటికంటే బక్కవి, పాతవాటికంటే గట్టిగా అరిచేవి. అప్పుడే ఒక డాక్టరమ్మ, పశువుల డాక్టరు, వాళ్ళ నాన్నగారిని క్షవరానికి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చుని మాట్లాడింది.

"ఇక్కడ తిండి ఉంది, నీడ ఉంది బాబాయ్. ఖాళీ చేసేకొద్దీ కొత్తవి వస్తూనే ఉంటాయి. ఉన్నవాటికే ఆపరేషన్ చేసి, మళ్ళీ ఇక్కడే వదిలేయాలి. అవి ఈ చోటు వదలవు, కొత్తవాటిని అంత సులువుగా రానివ్వవు, పిల్లలూ పుట్టవు. మెల్లగా అవే తగ్గుతాయి. మంగళ, శుక్రవారాలు నాకు మధ్యాహ్నం ఖాళీ. ఆపరేషన్ నేను చేస్తా. పట్టి తెచ్చే మనిషి ఒక్కరు ఉంటే చాలు."

బాబాయ్ అప్పుడు వాళ్ళ నాన్నగారి చెవి మీది వెంట్రుకల పనిలో ఉన్నాడు.

"ఊఁ," అన్నాడు.

మంగళవారం ఆవిడ ఇనప బోను తెచ్చి సెలూను ముందు దింపింది.

అప్పటి నుంచి మూడేళ్ళు. పని కష్టమైంది కాదు, విసుగైంది. ముందురోజు తిండి ఆపెయ్యాలి. పొద్దున్నే బోనులో ఉడికించిన చేప ముక్క పెట్టాలి. పిల్లి లోపలికెళ్ళి రేకు మీద కాలు వేస్తే తలుపు పడుతుంది. పడగానే పైన తువ్వాలు కప్పెయ్యాలి, చీకటైతే అది నెమ్మదిస్తుంది. కప్పిన తువ్వాళ్ళు మళ్ళీ సెలూనులోకే వచ్చేవి. ఎంత ఉతికినా రోమాలు పోవు, మెడకి చుట్టించుకున్నవాళ్ళు తుమ్మేవాళ్ళు. తుమ్మిన ప్రతిసారీ కత్తెర ఎత్తి ఆగడం ఆయనకి అలవాటైపోయింది. ఇక మత్తులో ఉండగానే డాక్టరమ్మ ప్రతిదానికీ ఎడమ చెవి కొస ఇంత తీసేసేది. నొప్పి తెలీదు. ఆ పిల్లికి ఆపరేషన్ అయిపోయిందని దూరం నుంచే పోల్చుకోవడానికి గుర్తు అది.

"ఎడమ చెవి కొస లేకపోతే అయిపోయినట్టే, మళ్ళీ పట్టొద్దు. గుర్తుంటుందా బాబాయ్?"

"తీసిన క్రాపు మళ్ళీ తియ్యనమ్మా," అన్నాడు.

భార్య మాత్రం వదల్లేదు. "మనుషులకి జుట్టు తీశారు, ఇప్పుడు పిల్లులకి చెవులు. రేపు ఏనుగులకేం తీస్తారండీ?"

"నువ్వు తొండం తెచ్చివ్వు, చూద్దాం."

మూడేళ్ళలో ముప్పై మూడు పిల్లుల్ని పట్టాడు. కొన్ని ముసలివై పోయాయి, కొన్నిటికి ఇళ్ళు దొరికాయి. మిగిలినవి ఇరవై అయిదు, తర్వాత బయటి నుంచి వచ్చి చేరిన దొరసానితో ఇరవై ఆరు. అయినా కమిటీ పెద్ద డ్రిల్లు మాస్టారికి నమ్మకం కుదరలేదు. ఆయన బళ్ళో పిల్లల చేత ముప్పై ఏళ్ళు కవాతు చేయించి రిటైరయిన మనిషి. ఇప్పుడు చేయించడానికి ఎవరూ లేక మూడు బిల్డింగుల చేత చేయిస్తున్నాడు. పోయిన ఏడాది మీటింగులో ఈల వెయ్యడం ఒక్కటే తక్కువగా లేచి నిలబడి అన్నాడు:

"ఒక్క ఏడాది. ఏడాదిలోగా ఒక్క పిల్లికూన పుట్టినా, నేను బండి పిలుస్తా. అన్నిటినీ ఎత్తిస్తా. ఒప్పుకుంటావా, లేదా?"

ఈసారి బాబాయ్ ఊఁ అనలేదు. ఆలోచించే "ఒప్పుకుంటా మాస్టారూ" అన్నాడు. ఆ ఏడాది ఈ ఆదివారంతో అయిపోతుంది. నోట్‌బుక్కులో కూనల గడి దగ్గర నెల తర్వాత నెల సున్నాలు. ఆ సున్నాల్ని చూస్తే బాబాయ్‌కి కొడుకు ప్రోగ్రెస్ కార్డు చూసినంత గర్వంగా ఉండేది. కొడుకు కార్డులోనూ సున్నాలే ఉండేవి గానీ, అప్పుడు ఇంత సంతోషం వెయ్యలేదు.

బుధవారం పొద్దున పక్క కొట్టులోంచి టైలరమ్మ తల బయటికి పెట్టింది.

"అన్నయ్యా, ఒకసారి వస్తావా?"

"గడ్డం సగంలో ఉందమ్మా."

"ఆ గడ్డం ఎక్కడికీ పోదులే. రా."

కుర్చీలో ఉన్నాయన్ని నురగతో వదిలేసి వెళ్ళాడు. టైలరమ్మ కుట్టుమిషను వెనక కత్తిరింపు ముక్కల సంచి ఒకటి ఉంది. దాని మూతి పక్కకి లాగింది. లోపల రంగురంగుల గుడ్డపీలికల మధ్య నాలుగు కూనలు. కళ్ళు ఇంకా తెరవలేదు. ఒక్కోటి సబ్బుబిళ్ళంత ఉంది.

బాబాయ్ అలాగే నిలబడిపోయాడు. చేతిలో కత్తి మీద నురగ ఎండుతోంది.

"నిన్న సాయంత్రం నుంచి కీచుకీచుమంటుంటే మిషను నూనె అడుగుతోందనుకున్నా. రెండుసార్లు వేశా కూడా," అంది టైలరమ్మ.

"ఇవి ఎవరివి?"

"నన్నడుగుతావేంటి? నేను కన్నానా?"

బాబాయ్ సెలూనుకి పరిగెత్తి, మోకాళ్ళు తిట్టుకుంటున్నా సరే, నోట్‌బుక్కు తెచ్చి, తను పిల్లులకి పెట్టిన పేర్లు వరసగా చూశాడు. సగంక్రాపుకి అయిపోయింది. మీసాలకి అయిపోయింది. బూడిదమ్మ, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, కుంటిది, అన్నిటికీ అయిపోయింది. అందులో వేలు పెట్టి చూపించడానికి ఒక్క ఆడపిల్లి మిగల్లేదు.

"బయటి నుంచి ఏదో వచ్చి కని పోయింది చెల్లెమ్మా. ఈ దిక్కుమాలిన సంచే దొరికింది దానికి."

"పోయిందో లేదో, అదిగో చూడు."

గుమ్మంలో దొరసాని నిలబడి ఉంది.

దొరసాని తెల్లని తెలుపు, నడుము మీద ఒక్క నల్లమచ్చ, ఎవరో వెనక నుంచి చెయ్యి వేసి వదిలేసినట్టు. ఏడు నెలల కిందట ఎక్కడి నుంచో వచ్చింది. ఎదురు గోడ మీద, అచ్చంగా సెలూను అద్దానికి ఎదురుగా కూర్చునేది. బాబాయ్ బయటికి ఒక్క అడుగు వేస్తే చాలు, వీపు తిప్పి అవతలికి దూకేసేది. అందుకే ఆయన దాన్ని నేరుగా చూసింది వీపూ తోకా మాత్రమే. మొహం చూడటం ఎప్పుడూ అద్దంలోనే, ఎవరి తలో చేతుల్లో ఉండగా. వచ్చిన మొదటిరోజే అద్దంలో దాని ఎడమ చెవి కొస లేదని చూసి, "ఇంకెక్కడో ఎవరో చేసేశారు" అనుకుని నోట్‌బుక్కులో అయిపోయింది అని రాసేశాడు. ఈ మధ్య లావెక్కితే కూడా ఏమీ అనుకోలేదు. ఆపరేషన్ అయిన పిల్లులు లావెక్కుతాయి, డాక్టరమ్మే చెప్పింది. కడుపు మరీ కిందికి దిగితే "తిండి ఎక్కువైందమ్మా దొరసానికి" అని నవ్వుకున్నాడు కూడా.

ఇప్పుడు దొరసాని ఆయన్ని చూసి పారిపోలేదు. పక్క నుంచే వెళ్ళి, సంచిలోకి దిగి, నాలుగింటి మీదా ఒరిగి, తల తిప్పి నేరుగా ఆయన మొహంలోకి చూసింది. మధ్యలో అద్దం లేదు.

తెగిన చెవి కుడిది. తెగడం కూడా కత్తెరతో తెగినట్టు లేదు. ఏ గండుపిల్లో పళ్ళతో లాగినట్టు అంచు చిందరవందరగా ఉంది.

బాబాయ్ తన ఎడమ చెవి పట్టుకున్నాడు. తర్వాత కుడి చెవి పట్టుకున్నాడు. టైలరమ్మ వింతగా చూస్తుంటే మెల్లగా సెలూనుకి వెళ్ళి, కుర్చీలో నురగ మొహంతో ఉన్నాయన తల మీదుగా అద్దంలోకి చూస్తూ మళ్ళీ కుడి చెవి పట్టుకున్నాడు. అద్దంలోని ముసలాడు ఎడమ చెవి పట్టుకున్నాడు.

ముప్పై నాలుగేళ్ళు అద్దం ముందు నిలబడ్డ మనిషి. ఎడమ పాపిడి అడిగినవాడికి ఒక్కనాడూ కుడి పాపిడి తియ్యలేదు. చేతులకి తెలుసు అద్దం సంగతి, ఎప్పుడూ పొరబడలేదు. కళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు. మిగతా పిల్లుల్ని తనే పట్టాడు, మొహం చూసే పోలుస్తాడు, వాటి చెవులు చూడాల్సిన పనే పడలేదు. చెవిని బట్టి తేల్చింది ఈ ఒక్కదాన్నే.

"ఏమైంది బాబాయ్, దెయ్యాన్ని చూశారా?" అన్నాడు కుర్చీలోని ఆయన.

"దెయ్యం నాకేసే చూస్తోందయ్యా," అన్నాడు బాబాయ్.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని భార్యకి చెప్పాడు. ఆవిడ ముందు నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మీకు పెళ్ళిచూపులప్పుడు కూడా నన్ను అద్దంలోనే చూపించారా ఏంటి?" అంది. తర్వాత ఆదివారం గుర్తొచ్చి నవ్వు ఆపేసింది.

"ఆయన నిజంగా బండి పిలుస్తాడంటారా?"

"పిలుస్తాడు. అన్నమాట అన్నట్టు చేసే మనిషి. ఇరవై ఆరు..." అని బాబాయ్ ముద్ద కంచంలోనే వదిలేసి తన బొటనవేలు కేసి చూసుకున్నాడు.

ఆవిడ ఇంకో గరిటె అన్నం వడ్డించింది, అక్కర్లేదన్నా.

టైలరమ్మ ఉపాయం టైలరమ్మకుంది. "సంచి నా అల్మరాలో పెట్టేస్తా అన్నయ్యా. ఆదివారం మీటింగు కాగానే తీద్దాం. మాస్టారు నా కొట్టులోకి ఎందుకొస్తాడు? ఆయన లాగులు కుట్టడం మానేసి పదేళ్ళయింది."

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే అవతల చాలాసేపు నవ్వు, తర్వాత టేబులు మీద తల వాల్చిన చప్పుడు. ఆ పూట ఆవిడకి పదకొండో ఆపరేషన్ అట. "బాబాయ్, నేను ఆవలించడం మొదలుపెడితే మత్తు ఎవరికిచ్చానో నాకే తెలీడం లేదు. కూనలు పాలు తాగుతున్నంత కాలం తల్లిని ముట్టుకోవద్దు. ఎనిమిది వారాలకి అవి సొంతంగా తినడం మొదలెడతాయి. అప్పుడు తల్లిని తీసుకురండి. వాటినీ తెండి, బరువు సరిపోతే అప్పుడే చేసేస్తా. కొన్నిటికి ఇళ్ళు చూస్తా."

"ఆదివారానికి ఏం చెప్పమంటావమ్మా?"

"అది నా చదువులో లేదు బాబాయ్."

గురువారం, శుక్రవారం బాబాయ్ క్షవరాలు చేశాడు గానీ, ఎవరికి ఏం చేశాడో ఆయనకే తెలీదు. ఒకాయన మధ్యపాపిడితో ఇంటికెళ్ళాడు, ఆయన అడగలేదు. టైలరమ్మ మాటే మంచిదనిపించేది ఒక్కోసారి. అల్మరా తలుపు మూస్తే చాలు. కానీ ఆ తలుపు వెనక ఇంకో తలుపు ఉంటుంది. ఇంకో నెలకి నాలుగు కూనలు సందులోకి దూకుతాయి, అప్పుడు వాటి వయసు అడుగుతారు, అప్పుడు ఇంకో కథ చెప్పాలి, ఆ కథలో టైలరమ్మ ఏం చెప్పిందో తను ఏం చెప్పాడో గుర్తుపెట్టుకోవాలి. ఇరవై ఆరు పిల్లుల లెక్కలు గుర్తుంచుకోవడానికే చస్తుంటే ఇవి కూడానా? నిజం చెప్పడంలో ఆయనకి గొప్ప కనిపించలేదు. అబద్ధం మొయ్యడానికి ఒంట్లో ఓపిక కనిపించలేదు, అంతే.

శనివారం ఎనిమిదిన్నరకి డ్రిల్లు మాస్టారు వచ్చాడు. ప్రతి శనివారం ఎనిమిదిన్నరకే వస్తాడు. గడియారం ఆగిపోతే ఆయన్ని చూసి సరిచేసుకోవచ్చు. కుర్చీలో నిటారుగా కూర్చుని, గడ్డం పైకెత్తి, కళ్ళు మూశాడు.

"రేపు మీటింగు. నీ ఏడాది పూర్తి."

"అవునండీ."

"కూనలు లేవు కదా? నేనూ చూస్తూనే ఉన్నా. ఒప్పుకోవాల్సిందే, పట్టుదల ఉన్నవాడివి."

బాబాయ్ ఒక పక్క చెంప గీసేశాడు. రెండో చెంపకి నురగ రాశాడు. కత్తి ఎత్తాడు. కత్తి చేతిలో ఉండగా చెప్తే బెదిరింపులా ఉంటుందనిపించింది. దాన్ని మడిచి బల్ల మీద పెట్టి, చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

"నాలుగున్నాయి మాస్టారూ."

మాస్టారు కళ్ళు తెరిచాడు.

"ఏంటి నాలుగు?"

"కూనలు. టైలరమ్మ కొట్లో. వారం కూడా అయి ఉండదు."

మాస్టారు మెడలో తువ్వాలుతోనే లేచాడు. సగం మొహం మనిషిది, సగం మేఘం. "పద!" అన్నాడు. ఇద్దరూ సందులోకి నడిచారు. టైలరమ్మ మిషను మీద నుంచి తలెత్తి, ఎవరో తెలిసి, అల్మరా కేసి చూసి, బాబాయ్ కేసి చూసింది. ఆ చూపులో ఉన్న తిట్లు అచ్చు వేస్తే ఒక పుస్తకం అవుతుంది. తలుపు తెరిచింది. దొరసాని సంచిలోంచి బుస్సుమంది.

మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు, తప్పు చేసిన పిల్లల వరసని చూసినట్టు.

"చెప్పు."

బాబాయ్ చెప్పాడు. అద్దం, గోడ, ఎడమ చెవి, లావెక్కడం, డాక్టరమ్మ ఆగమన్న ఎనిమిది వారాలు, అంతా. చెబుతుంటే తనకే ఎంత తెలివితక్కువగా ఉందో వినిపించింది. చివర్లో "తప్పు నాది మాస్టారూ. పిల్లులది కాదు. మీరు బండి పిలిస్తే కాదనే మొహం నాకు లేదు. కానీ ఆ సంచి మూతి ఈసారి నేను పట్టుకోను. ఇంకెవరినైనా చూసుకోండి," అన్నాడు.

మాస్టారు చెంప మీద నురగ జారి గడ్డం కొసన ఆగింది.

"అద్దంలో," అన్నాడు మాస్టారు.

"అవునండీ."

"ఎడమ అనుకున్నావు."

"అవునండీ."

మాస్టారు టైలరమ్మ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చోమనకుండా ఆయన కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు.

"నీకు తెలుసా," అన్నాడు, నేల కేసి చూస్తూ, "డ్రిల్లు చెప్పేవాడు పిల్లలకి ఎదురుగా నిలబడతాడు. నోటితో 'ఎడమ చెయ్యి' అని, తను కుడి చెయ్యి ఎత్తాలి. అప్పుడే ఎదురుగా ఉన్న పిల్లలు చూసి సరిగ్గా ఎత్తుతారు. ముప్పై ఏళ్ళు తిరగేసి ఎత్తాను. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా ఎడమ పక్క తలుపు వెయ్యమంటే ఒక్క క్షణం ఆగాలి నేను."

"అయ్యో," అంది టైలరమ్మ.

"ఆ అయ్యో ఏంటి? పెద్దాఫీసరు వచ్చినరోజు జరిగింది విను. ఎనిమిది వందల మంది పిల్లలు. ఎడమకి తిరగమని కేక వేసి, కంగారులో ఎడమ చెయ్యే ఎత్తాను. నోటిమాట విన్నవాళ్ళు అటు, చెయ్యి చూసినవాళ్ళు ఇటు. ముక్కులు ముక్కులు గుద్దుకున్నాయి. ఇద్దరికి రక్తం." ఆయన గొంతు సవరించుకున్నాడు. "పిల్లలు క్రమశిక్షణ తప్పారని రిపోర్టు రాశాను."

బాబాయ్ నోటికి ఊఁ రాబోతే పళ్ళతో ఆపుకున్నాడు.

మాస్టారు లేచాడు. లేవడంతోనే మళ్ళీ కమిటీ పెద్ద అయిపోయాడు. "ఎనిమిది వారాలన్నది కదా మీ డాక్టరు? ఎనిమిది వారాలిస్తా, ఒక్కరోజు కూడా ఎక్కువ కాదు. ఈ తల్లికి ఆపరేషన్ అయ్యి తీరాలి. కూన ఒక్కటి కూడా సందులో మిగలకూడదు. అది కాకుండా, మిగతా అన్నిటి చెవులూ నువ్వు బయటికొచ్చి, నీ కళ్ళతో, ఎదురుగా చూసి నాకు రాసివ్వాలి. కుదరకపోతే బండే. మీటింగులో నేను చెబుతా."

"అందరూ ఒప్పుకుంటారా మాస్టారూ?"

"నిల్చోమంటే నిలబడేవాళ్ళు, ఒప్పుకోమంటే ఒప్పుకోరా? ముందు నా రెండో చెంప సంగతి చూడు."

నిజం చెప్పినందుకు బాబాయ్‌కి దక్కింది ఇదీ: ఇరవై అయిదు పిల్లుల వెనక తిరిగి ఎడమ చెవులు చూడటం. పొద్దున సెలూను తెరవకముందు గంట, మధ్యాహ్నం అన్నాలప్పుడు గంట. గోడ పక్కన వంగాలి, కార్ల కింద వంగాలి, నీళ్ళ ట్యాంకు వెనక వంగాలి. వంగిన ప్రతిసారీ లేవడం ఇంకో ఉద్యోగం. పిల్లులకి ఈయన మీద గౌరవం పోయింది. ఇదివరకు చేప పెట్టేవాడు, ఇప్పుడు ఊరికే మొహంలోకి తొంగి చూస్తాడు. సగంక్రాపు అయితే విసుగొచ్చి ఒకసారి ముక్కు మీద కొట్టింది. మూడో అంతస్తు ఆవిడ బాల్కనీలోంచి "బాబాయ్, దేనికోసం వెతుకుతున్నారు?" అని అరిస్తే, "పరువు కోసం తల్లీ," అన్నాడు.

ఇరవై అయిదు చెవులూ సరిగ్గానే ఉన్నాయి. మాస్టారికి రాసిచ్చాడు. మాస్టారు సంతకం పెట్టి, తేదీ వేసి, స్టాంపు లేదే అని బాధపడ్డాడు.

కూనలు పెరిగాయి. టైలరమ్మ మిషను పట్టీకి వేలాడాయి, బొత్తాల డబ్బా దొర్లించాయి, ఒకరి జాకెట్టు చెయ్యిలో దూరి నిద్రపోయాయి. ఏడో వారానికి కంచంలో తినడం నేర్చాయి. ఎనిమిదో వారం మొదట్లో డాక్టరమ్మ వచ్చి నాలుగింటినీ ఒక బుట్టలో పట్టుకుపోయింది. రెండిటికి ఇళ్ళు అప్పటికే చూసింది, మూడోది టైలరమ్మకే తిరిగొచ్చింది, "నా బొత్తాలకి కాపలా" అని. నాలుగోదాన్ని డాక్టరమ్మ నాన్నగారు ఒళ్ళోంచి దింపలేదట.

మిగిలింది దొరసాని.

దొరసాని బోనులోకి రాదు. సోమవారం చేప పెట్టాడు, దూరం నుంచి వాసన చూసి వెళ్ళిపోయింది. మంగళవారం బోను లోపల గుడ్డపీలికలు పరిచాడు, బోను పైకెక్కి కూర్చుంది. బుధవారం, గురువారం బోను కేసి కూడా చూడలేదు, సెలూను కేసి చూసింది. శుక్రవారం మధ్యాహ్నం దాటితే డాక్టరమ్మ మళ్ళీ మంగళవారం వరకూ దొరకదు, మాస్టారి గడువు ఆదివారంతో సరి.

శుక్రవారం బాబాయ్ సెలూను తెరవలేదు. పెట్టెలా ఉండే పాత తువ్వాళ్ళ అర ఊడదీసి, దానికి నాలుగు పక్కలా వల కట్టి, బోర్లించి, ఒక అంచు కింద చెక్క నిలబెట్టాడు. చెక్కకి తాడు. తాడు పట్టుకుని ఖాళీ జాగా చివర కూర్చున్నాడు, గోడకి వీపు ఆనించి. కింద చేప. పిల్లి కిందకొచ్చి తినడం మొదలెట్టాక తాడు లాగితే చెక్క పడుతుంది, పైనుంచి అర పడుతుంది. తొందరపడి లాగితే దాని తోక మీద పడుతుంది, ఇక జన్మలో రాదు. ఆలస్యమైతే తినేసి పోతుంది. చూడటం ఒక్కటే పని, కళ్ళు ఆర్పకుండా.

ఏడు గంటలకి కూర్చున్నాడు. ఎనిమిదికి కాకి వచ్చింది. తొమ్మిదికి బూడిదమ్మ వచ్చి చేప కొరికి పోయింది, ఇంకో ముక్క పెట్టాడు. పదికి దొరసాని ఎదురు గోడ మీదికొచ్చి కూర్చుంది. పదకొండుకీ అక్కడే కూర్చుంది. ఎండ మెల్లగా ఆయన పాదాల మీదికి, మోకాళ్ళ మీదికి ఎక్కింది. ఆ వెచ్చదనానికి మోకాళ్ళు చాన్నాళ్ళకి నోరు మూసుకున్నాయి.

భార్య గ్లాసుతో టీ తెచ్చింది. పక్కన నేల మీదే చతికిలబడింది.

"ఇంట్లో తినేవాళ్ళు లేరనుకుని వచ్చేశా. ఏదీ, మహారాణి?"

"గోడ మీద. కదలకు."

"నేను కదలడం లేదు. మీరే ఊగుతున్నారు."

నిజమే. ఆయన తల ముందుకి వాలి, మళ్ళీ లేచి, మళ్ళీ వాలుతోంది. టీ గ్లాసు ఆవిడే తీసుకుని పక్కన పెట్టింది. రెండు నిమిషాల తర్వాత తాడు కూడా ఆయన వేళ్ళలోంచి మెల్లగా తీసుకుంది. ఆయన గడ్డం గుండెల మీద ఆనింది. గురక మొదలైంది, చిన్నది, మొహమాటంగా.

దొరసాని గోడ దిగింది. నాలుగు అడుగులు వేసి ఆగింది. గురక పెడుతున్న మనిషిని చూసింది. భార్య కళ్ళు పక్కకి తిప్పుకుంది, దారిలో బంధువుల్ని చూసీ చూడనట్టు వెళ్ళేటప్పుడు తిప్పుకున్నట్టు. దొరసాని అర అంచు కింద తల పెట్టింది. వెనక కాళ్ళు బయటే ఉన్నాయి. ఆవిడ లాగలేదు. ఒక కాలు లోపలికొచ్చింది. లాగలేదు. రెండో కాలు వచ్చింది, తోక కూడా వచ్చింది, నమిలే చప్పుడు వినిపించింది.

అప్పుడు లాగింది.

చప్పుడుకి బాబాయ్ ఉలిక్కిపడి లేచాడు. ఖాళీగా ఉన్న చేతులు చూసుకున్నాడు. వల కింద తెల్లని మూట ఎగిరెగిరి పడుతోంది. ఆవిడ అప్పటికే పరిగెత్తి, భుజం మీది పైట లాగి దాని మీద కప్పి, రెండు చేతులతో అంచులు అదిమిపట్టి, "అయిపోయింది తల్లీ, అయిపోయింది, అరవకు" అంటోంది. చీకటి కమ్మగానే దొరసాని నెమ్మదించింది.

"ఎప్పుడొచ్చింది?" అన్నాడు బాబాయ్, లేవబోయి, మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చుని.

"మీరు నిద్రపోయాక. మీకు భయపడి ఇన్నాళ్ళూ రాలేదు పాపం." ఆవిడ ఆయాసంతో వెనక్కి తిరిగి చూసింది. "అలా కూర్చుంటారేంటి? బోను తెండి, దీన్ని అందులోకి మార్చాలి. డాక్టరమ్మకి ఫోన్ చెయ్యండి. పన్నెండవుతోంది."

బాబాయ్ గోడ పట్టుకుని లేచాడు.